తన పేరున ఒక ఖాతా

పెళ్లయి, డిపెండెంట్ వీసా (ఒకరి ఉద్యోగ వీసాను ఆధారం చేసుకుని జీవిత భాగస్వామికి ఇచ్చే వీసా) మీద అమెరికా వెళ్లే అమ్మాయికి మొదటి నెలలో కావలసినవన్నీ అప్పటికే అమరి ఉంటాయి. ఇల్లు ఉంటుంది, కారు ఉంటుంది, ఫోను సిమ్ దిగిన రోజే చేతికొస్తుంది. అద్దె, కరెంటు, ఇన్సూరెన్సు అన్నీ ముందు వెళ్లిన భర్త పేరు మీద నడుస్తుంటాయి. కొన్ని ఇళ్లలో ముందు వెళ్లేది భార్య, వెనక వెళ్లేది భర్త. అక్కడా సంగతి ఇదే. వచ్చిన మనిషికి సొంత బ్యాంకు ఖాతా లేకపోయినా వెంటనే ఏ పనీ ఆగదు. ఆగదు కాబట్టే ఆ పని వెనక్కి పోతుంది. చూస్తుండగా ఏడాది గడుస్తుంది. ఆ తర్వాత ఒక రోజు ఉద్యోగం వస్తుంది, జీతం ఏ ఖాతాలో వేయాలని అడుగుతారు. లేదా కారు లోనులో ఆమె పేరు కలపాలని చూస్తారు. అప్పటికి ఆమె ఆ దేశంలో ఉన్నట్టు ఏ కాగితం మీదా కనిపించదు.

అందుకే ఖాతా తెరవడాన్ని నేను మొదటి నెల పనుల్లోనే పెడతాను. ఉద్యోగం వచ్చాక చూద్దాం, సోషల్ సెక్యూరిటీ నంబరు (అక్కడ ఉద్యోగానికి, పన్నులకు వాడే తొమ్మిది అంకెల గుర్తింపు నంబరు) వచ్చాక చూద్దాం అని మనవాళ్లు సాధారణంగా వాయిదా వేస్తారు. ఆ వాయిదాకు చట్టంలో ఆధారం లేదు. ఆ నంబరు లేని మనిషి కూడా తన పేరున ఖాతా తెరవవచ్చు. ఎలాగో, ఎక్కడ చిక్కులొస్తాయో ఒక్కొక్కటిగా చూద్దాం. తెలుగువాళ్లలో ఎక్కువగా కనిపించేది హెచ్-1బీ ఉద్యోగి భార్యకు, లేదా భర్తకు వచ్చే హెచ్-4 వీసా. దాన్నే ఉదాహరణగా తీసుకుంటాను.

ఇప్పుడే ఎందుకు

అమెరికా ప్రభుత్వం కాగితపు చెల్లింపులను వదిలి ఖాతా చెల్లింపులకు మారుతోంది. 2025 మార్చిలో వచ్చిన ఒక అధ్యక్ష ఉత్తర్వు ప్రకారం, ఆ ఏడాది సెప్టెంబరు 30 నుంచి ఫెడరల్ ప్రభుత్వం కాగితపు చెక్కులు ఇవ్వడం తగ్గించుకుంటూ వస్తోంది. ఆదాయపు పన్ను రీఫండు కూడా ఇందులోకే వస్తుంది. అదే ఏడాది అక్టోబరు 28 తర్వాత వలస సేవల శాఖ (యూఎస్‌సీఐఎస్) దరఖాస్తు ఫీజులకు చెక్కులు, మనీ ఆర్డర్లు తీసుకోవడం దాదాపుగా మానేసింది. ఫీజు కార్డుతో కట్టాలి, లేదా అమెరికా బ్యాంకు ఖాతా నుంచి నేరుగా తీసుకోవడానికి అనుమతి పత్రం జతచేయాలి. హెచ్-4 పొడిగింపయినా, పని అనుమతి కార్డయినా దారి ఇదే.

మూడోది, 2026 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన పన్ను. అమెరికా నుంచి బయటి దేశానికి పంపే డబ్బు మీద 1 శాతం పడుతుంది. అయితే నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు (బ్యాంకు తన పూచీ మీద ఇచ్చే చెక్కు) వంటివి చేతికిచ్చి పంపినప్పుడే అది పడుతుంది. అక్కడి బ్యాంకు ఖాతా నుంచి, లేదా అక్కడ జారీ అయిన కార్డుతో పంపితే పడదు.

ఈ పనులన్నీ భర్త ఖాతా నుంచీ చేయవచ్చు. నిజమే. కానీ ప్రతిసారీ ఇంకొకరి ఖాతా మీద ఆధారపడే మనిషికి, ఆ ఇంకొకరు ఊళ్లో లేనప్పుడో, ఉద్యోగం పోయినప్పుడో, ఆసుపత్రిలో ఉన్నప్పుడో పని ఆగిపోతుంది.

చట్టం అడిగేది, బ్యాంకు అడిగేది

2001 సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా తెచ్చిన పేట్రియట్ చట్టంలో 326వ సెక్షన్ ఒకటుంది. ఖాతా తెరిచే మనిషి ఎవరో బ్యాంకు రూఢి చేసుకోవాలని అది చెబుతుంది. దాని కింద చేసిన నియమాలు 2003 అక్టోబరు నుంచి అమలవుతున్నాయి. వాటి ప్రకారం బ్యాంకు నాలుగు సంగతులు తీసుకోవాలి. పేరు, పుట్టిన తేదీ, చిరునామా, గుర్తింపు నంబరు. అమెరికా పౌరులైతే ఆ నంబరు పన్ను నంబరే కావాలి. పౌరులు కానివారికి నియమం వేరుగా ఉంది. పాస్‌పోర్టు నంబరు, దాన్ని ఇచ్చిన దేశం పేరు చాలు. ఫొటో ఉన్న మరో ప్రభుత్వ గుర్తింపు పత్రమైనా ఫరవాలేదు.

మరి బ్రాంచిలో ‘సోషల్ లేకపోతే కుదరదు’ అని ఎందుకంటారు? చట్టం పాస్‌పోర్టును ఒప్పుకోవచ్చని బ్యాంకుకు వీలు ఇచ్చింది, ఒప్పుకోవాలని బలవంతం చేయలేదు. ఎవరికి ఖాతా ఇవ్వాలన్నది బ్యాంకు సొంత నిర్ణయం. కొన్ని బ్యాంకులు పాస్‌పోర్టుతో ఇస్తాయి. కొన్ని పన్ను నంబరు ఏదో ఒకటి ఉండాలంటాయి. ఆన్‌లైన్ దరఖాస్తులో చాలాచోట్ల సోషల్ సెక్యూరిటీ నంబరు గడి నింపకుండా తర్వాతి పేజీకి వెళ్లనివ్వదు. అందుకే ఈ పని బ్రాంచికి వెళ్లే చేయాలి. ఒకే బ్యాంకులో ఒక బ్రాంచి కాదన్నది ఇంకో బ్రాంచి అవునంటుంది. కౌంటర్లో ఉన్న మనిషికి పాత అనుభవం ఉందా లేదా అన్నదే తేడా. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ శివార్లలోనో, న్యూజెర్సీలోనో ఉన్న బ్రాంచికి హెచ్-4 కొత్త కాదు. వెళ్లేముందు ఫోను చేసి ఒకే ప్రశ్న సూటిగా అడగడం మంచిది. ‘సోషల్ సెక్యూరిటీ నంబరు లేదు, భారత పాస్‌పోర్టు, వీసా ఉన్నాయి, ఖాతా తెరుస్తారా?’ కాదంటే ఇంకో బ్యాంకు. క్రెడిట్ యూనియన్ (సభ్యులే యజమానులుగా ఉండే సహకార బ్యాంకు) కూడా చూడవచ్చు.

ఈ విషయంలో దేశానికో తీరు ఉంది. కెనడాలో గుర్తింపు పత్రాలు సరిగా ఉంటే ఉద్యోగం లేకపోయినా, వేయడానికి డబ్బు లేకపోయినా ఖాతా తెరిచే హక్కు మనిషికి ఉంది. యూరోపియన్ యూనియన్ 2014లో చేసిన ఆదేశం ప్రకారం, ఆ దేశాల్లో చట్టబద్ధంగా నివసించేవారికి కనీస సేవల ఖాతా ఇవ్వాలి. జర్మనీలో అది 2016 నుంచి అమలవుతోంది. అమెరికాలో అలాంటి హక్కు లేదు. అక్కడ ఓపికగా తిరిగి అడగడమే దారి.

వెంట తీసుకెళ్లాల్సినవి ఎక్కువేమీ కాదు. పాస్‌పోర్టు, అందులో వీసా పేజీ. ఐ-94 (దేశంలోకి వచ్చిన తేదీ, ఉండగల గడువు చూపే ప్రవేశ పత్రం) ప్రింటు. దీన్ని సరిహద్దు శాఖ వెబ్‌సైటు నుంచి ఉచితంగా తీసుకోవచ్చు. చిరునామా రుజువు. రెండో గుర్తింపు పత్రం ఏదైనా. పెళ్లి సర్టిఫికెట్టు అడగకపోవచ్చు, కానీ బ్యాగులో ఉండనివ్వాలి. భర్తకు అప్పటికే అక్కడ ఖాతా ఉంటే ఇద్దరూ కలిసి వెళితే పని తేలికవుతుంది.

రెండు రకాల నంబర్లు

సోషల్ సెక్యూరిటీ నంబరు ప్రధానంగా పని చేసే అనుమతి ఉన్నవారికి ఇచ్చేది. హెచ్-4లో ఆ అనుమతి అందరికీ ఉండదు. 2015 నుంచి ఉన్న నియమం ప్రకారం, హెచ్-1బీ ఉద్యోగికి గ్రీన్‌కార్డు పిటిషన్ (ఐ-140) ఆమోదమై ఉంటేనో, ఆరేళ్ల గడువు దాటి పొడిగింపు వచ్చి ఉంటేనో జీవిత భాగస్వామి పని అనుమతి కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ దరఖాస్తులోనే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా కావాలని గడి నింపితే కార్డు ఇంటికే వస్తుంది. ఒకసారి వచ్చిన నంబరు జీవితాంతం అదే. తర్వాత పని అనుమతి గడువు తీరినా నంబరు పోదు, ఖాతా మూతపడదు. ఎల్-1 (కంపెనీ తన ఉద్యోగిని అమెరికా ఆఫీసుకు బదిలీ చేసేటప్పుడు వాడే వీసా) మీద వెళ్లినవారి భాగస్వాములకు ఇంత చిక్కు లేదు. 2021 నవంబరు నుంచి వాళ్లకు హోదాతోపాటే పని అనుమతి వస్తోంది. ఐ-94 మీద ఎల్-2ఎస్ అని ఉంటే అదే రుజువు.

పని అనుమతి లేనివారికి ఉన్నది ఐటిన్ (పన్ను పత్రాల కోసమే ఇచ్చే గుర్తింపు నంబరు). దీనికీ తొమ్మిది అంకెలే, ఎప్పుడూ 9తో మొదలవుతుంది. డబ్ల్యూ-7 అనే ఫారం నింపి, సాధారణంగా ఆ ఏటి పన్ను రిటర్నుతో జతచేసి పంపాలి. భార్యాభర్తలు ఉమ్మడి రిటర్ను వేస్తే ఆమెకు ఏదో ఒక నంబరు తప్పనిసరి కాబట్టి, పెళ్లయిన మొదటి పన్ను సీజనులోనే ఇది వచ్చేస్తుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. దరఖాస్తుకు పాస్‌పోర్టు అసలు ప్రతి గానీ, దాన్ని జారీ చేసినవారు ధ్రువీకరించిన నకలు గానీ కావాలి. అసలు పాస్‌పోర్టును పోస్టులో పంపి వారాల తరబడి ఎదురుచూడటం అవసరం లేదు. భారత కాన్సులేటు ధ్రువీకరించిన నకలు పంపవచ్చు. లేదా పన్ను శాఖ అధికారం ఇచ్చిన ఏజెంటు దగ్గరికి, పన్ను శాఖ సహాయ కేంద్రానికి వెళ్లి పాస్‌పోర్టు చూపించి వెంటనే తెచ్చుకోవచ్చు. ఐటిన్ ఉన్నంత మాత్రాన పని చేసే అనుమతి వచ్చినట్టు కాదు. పన్ను నంబరు తప్పనిసరి అనే బ్యాంకుల్లో చాలావాటికి అది సరిపోతుంది.

చిరునామా, పేరు

అసలు చిక్కు ఇక్కడుంది. ఖాతాకు చిరునామా రుజువు కావాలి. చిరునామా రుజువుగా చెల్లేది కరెంటు బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంటు, డ్రైవింగ్ లైసెన్సు. లైసెన్సు ఆఫీసులో మళ్లీ చిరునామా రుజువు అడుగుతారు. చెట్టు ముందా విత్తు ముందా అన్నట్టు తిరుగుతుంది. దీన్ని తెంపేది ఇంటి అద్దె ఒప్పందం (లీజు). ఆ ఒప్పందంలో పేర్లు రెండు చోట్ల ఉంటాయి. అద్దెదారుగా సంతకం చేసేవారు ఒకచోట. ఇంట్లో ఉండేవారి జాబితా ఇంకోచోట. భార్య దిగిన వారంలోనే భర్త లీజింగ్ ఆఫీసుకు వెళ్లి ఆమె పేరు చేర్పించాలి. ఉండేవారిగా చేర్చినా బ్యాంకు ఒప్పుకోవచ్చు. అద్దెదారుగా చేర్చితే రుజువు గట్టిగా ఉంటుంది. అయితే అద్దె బాధ్యత కూడా ఆమె మీద పడుతుంది. ఇంటర్నెట్ కనెక్షనో, ఫోను బిల్లో ఒకటి ఆమె పేరున పెట్టినా ఫలితం ఉంటుంది. డ్రైవింగ్ లైసెన్సుకు సోషల్ నంబరు అడిగే రాష్ట్రాల్లో, నంబరుకు అర్హత లేదని సోషల్ సెక్యూరిటీ ఆఫీసు ఇచ్చే ఉత్తరం చూపిస్తే సరిపోయే చోట్లు చాలా ఉన్నాయి.

పేరు సంగతి మన తెలుగువాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాలి. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత. పదో తరగతి మెమోలో రెండూ కలిసి ఒకే వరసలో ఉంటాయి, లేదా ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించి ఉంటుంది. పాస్‌పోర్టు దరఖాస్తు చేసేటప్పుడు కొందరు మొత్తం పేరును సొంత పేరు గడిలో రాసి ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తారు. అమెరికా వీసా వ్యవస్థకు ఇంటిపేరు తప్పనిసరి. కాబట్టి ఉన్న మొత్తం పేరును ఇంటిపేరు స్థానంలోకి నెట్టి, సొంత పేరు స్థానంలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని వేస్తుంది. సొంత పేరు తెలియదు అని దాని అర్థం. అక్కడి నుంచి ఆ మూడక్షరాలు ఐ-94లోకి, పని అనుమతి కార్డులోకి, చివరికి బ్యాంకు డెబిట్ కార్డు మీదికి ప్రయాణిస్తాయి. నాన్న పెట్టిన చక్కటి పేరు ఉన్న అమ్మాయి జేబులో ఎఫ్ఎన్‌యూ అనే కార్డు ఉంటుంది. ఇది మార్చుకోవచ్చు, కానీ మార్చాల్సిన చోటు బ్యాంకు కాదు. వీసా దరఖాస్తుకు ముందే, ఇండియాలో పాస్‌పోర్టులో ఇంటిపేరు, సొంత పేరు విడదీయించుకోవాలి.

రెండో చిక్కు ఇంతకంటే చిన్నది, ఎక్కువసార్లు తగిలేది. అమ్మాయి పాస్‌పోర్టులో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది. లీజింగ్ ఆఫీసులో భార్య అనగానే అలవాటుగా భర్త ఇంటిపేరు తగిలించి టైపు చేస్తారు. బ్యాంకులో పాస్‌పోర్టు పేరు ఒకటి, లీజులో పేరు ఒకటి. కౌంటర్లో వాళ్లకు ఇద్దరు మనుషులు కనిపిస్తారు. ‘వెంకటలక్ష్మి’ ఒకచోట కలిపి, ఇంకోచోట ‘వెంకట లక్ష్మి’ అని విడదీసి రాసినా ఇదే ఇబ్బంది. ప్రతి కాగితం మీద పాస్‌పోర్టులో ఉన్న అక్షరాలే, ఉన్న ఖాళీలతో సహా, రాయించాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవాలని భారత చట్టం ఎక్కడా చెప్పదు. మార్చుకోవాలనుకుంటే మాత్రం వీసాకు ముందు పాస్‌పోర్టులో మార్చుకుని, తర్వాత అన్నిచోట్లా అదే వాడాలి. సగం కాగితాలు పుట్టింటి పేరుతో, సగం మెట్టినింటి పేరుతో ఉంటే అది ఏళ్ల తరబడి వెంటాడుతుంది.

ఉమ్మడి ఖాతా అంటే ఏమిటి

ఎక్కువమంది మొదట చేసేది భర్త ఖాతాలో భార్య పేరు కలపడం. మంచి పనే. కానీ ‘కలిపాం’ అన్నప్పుడు ఏం కలిపారో చూసుకోవాలి. ఉమ్మడి ఖాతాలో ఇద్దరూ యజమానులు. సాధారణంగా ఎవరైనా, రెండోవారిని అడగకుండా, ఉన్నదంతా తీసుకోవచ్చు. ఆమెకు సంతకం చేసే అధికారం మాత్రమే ఇచ్చి ఉంటే ఆమె యజమాని కాదు. ఖాతాదారు తరఫున లావాదేవీ చేసే మనిషి. భర్త క్రెడిట్ కార్డు మీద అదనపు కార్డు ఇప్పిస్తే అది అసలు బ్యాంకు ఖాతానే కాదు. మూడూ చేతిలో ప్లాస్టిక్ కార్డుగానే కనిపిస్తాయి. తేడా ఇబ్బంది వచ్చినప్పుడు బయటపడుతుంది.

అన్నిటికంటే పెద్ద ఇబ్బంది మరణం. మన దగ్గర బ్యాంకు ఖాతాకు నామినీ అడగడం ఆనవాయితీ. అమెరికాలో ఖాతా తెరిచేటప్పుడు ఎవరూ గట్టిగా అడగరు. ఉమ్మడి ఖాతాలు సాధారణంగా బతికి ఉన్నవారికి చెందేలా ఉంటాయి. ఒకరు పోతే రెండోవారు మరణ ధ్రువపత్రం చూపించి ఖాతా కొనసాగిస్తారు. భర్త ఒక్కడి పేరునే ఉండి, మరణానంతరం ఎవరికి చెల్లించాలో రాయకపోతే, ఆ డబ్బు వారసత్వ కోర్టు ప్రక్రియ ద్వారా రావాలి. చిన్న మొత్తాలకు ప్రమాణపత్రంతో తేల్చే పద్ధతి రాష్ట్రాల్లో ఉన్నా, దానికీ సమయం పడుతుంది. ఆ సమయంలోనే అద్దె కట్టాలి, పిల్లలతో టికెట్లు కొనాలి. ముప్పై ఏళ్ల వయసులో ఎవరూ ఈ మాట ఎత్తరు. నేను ఎత్తమంటాను. పది నిమిషాల పని, ఒక సంతకం.

ఉమ్మడి ఖాతా వల్ల డిపాజిట్ బీమా కూడా తగ్గదు. బ్యాంకు దివాలా తీస్తే ఫెడరల్ బీమా సంస్థ ఒక్కో బ్యాంకులో, ఒక్కో రకం ఖాతాకు మనిషికి 2,50,000 డాలర్ల దాకా ఇస్తుంది. ఉమ్మడి ఖాతాలో ఇద్దరికీ విడివిడిగా ఆ రక్షణ ఉంటుంది.

టెక్సస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ సహా తొమ్మిది రాష్ట్రాల్లో పెళ్లి తర్వాత సంపాదించిన ఆదాయం, ఎవరి పేరున ఉన్నా, చట్టం దృష్టిలో ఇద్దరిదీ. అయితే బ్యాంకుకు ఆ సంగతితో పనిలేదు. కౌంటర్లో ఖాతా మీద ఎవరి పేరుందో వాళ్లకే డబ్బు ఇస్తారు. హక్కు కోర్టులో రుజువు చేసుకోవాల్సినది. పేరు ఈరోజే పనికొచ్చేది.

అందుకే ఉమ్మడి ఖాతాతోపాటు ఆమె ఒక్కదాని పేరున చిన్న ఖాతా ఒకటి ఉండటం మేలని నా అభిప్రాయం. ఇది అపనమ్మకం కాదు. అమ్మలు పోపులడబ్బాలో దాచిన డబ్బు నాన్నల మీద అపనమ్మకంతో దాచింది కాదు కదా. ఉమ్మడి ఖాతాలో బాకీ మిగిలి బ్యాంకు దాన్ని మూసేస్తే, ఆ మచ్చ ఖాతాల నివేదిక సంస్థల దగ్గర ఐదేళ్ల దాకా ఇద్దరి పేర్లకూ ఉండవచ్చు, కొత్త ఖాతా దొరకడం కష్టమవుతుంది. సొంత ఖాతా ఒకటి ముందే ఉంటే ఆ దెబ్బ తగ్గుతుంది. జీతం పడని ఖాతాకు నెలవారీ రుసుము వేసే బ్యాంకులు ఉన్నాయి. కాబట్టి రుసుము లేని రకం అడిగి తీసుకోవాలి. చెకింగ్ ఖాతా (రోజువారీ చెల్లింపుల ఖాతా) చాలు, సాధారణంగా వడ్డీ రాదు కనుక పన్ను కాగితాలూ తక్కువ.

కొన్ని కాపురాల్లో డబ్బే అదుపు సాధనంగా మారుతుంది. ఖాతా ఇద్దరిదీ అంటారు, పాస్‌వర్డు ఒకరి దగ్గరే ఉంటుంది, మెసేజీలు ఒకరి ఫోనుకే వస్తాయి. ఖాతా తెరిచిన రోజే ఆమె ఫోను నంబరు, ఆమె ఈమెయిలు నమోదు చేయించాలి. పాస్‌పోర్టు ఆమె దగ్గరే ఉండాలి. హింసకు గురైన హెచ్-4 భాగస్వాములు సొంతంగా పని అనుమతి అడిగేందుకు చట్టంలో వేరే దారి ఉంది. ఐ-765వి అనే ఫారం అందుకోసమే. భర్త సంతకం దానికి అక్కర్లేదు.

అప్పు చరిత్ర

బ్యాంకు ఖాతా ఉన్నంత మాత్రాన క్రెడిట్ స్కోరు (అప్పు తీర్చే అలవాటును కొలిచే అంకె) రాదు. ఇండియాలో సిబిల్ స్కోరు ఎంత బాగున్నా అక్కడి సంస్థల లెక్కలోకి దానంతటది చేరదు. కొన్ని కార్డు సంస్థలు మాత్రం అడిగితే భారత్ చరిత్రను తెప్పించుకుని చూస్తాయి. ఎక్కువగా వాడే ఫైకో స్కోరు 300 నుంచి 850 మధ్య ఉంటుంది. అది పుట్టాలంటే కనీసం ఒక అప్పు ఖాతా ఆరు నెలల పాతదై ఉండాలి. భర్త కార్డు మీద అదనపు కార్డు తీసుకుంటే, చాలా సంస్థలు ఆ చరిత్రను ఆమె పేరునా నమోదు చేస్తాయి. అయితే భర్త బిల్లు ఆలస్యం చేస్తే అదీ నమోదవుతుంది. సొంతంగా మొదలుపెట్టాలంటే సెక్యూర్డ్ కార్డు (ముందు డిపాజిట్ కట్టి తీసుకునే క్రెడిట్ కార్డు) మంచిది.

‘నాకు ఆదాయం లేదు, కార్డు ఎవరిస్తారు’ అనుకునేవారికి తెలియాల్సిన నియమం ఒకటుంది. 2013లో అమెరికా వినియోగదారుల ఆర్థిక రక్షణ సంస్థ నిబంధన మార్చింది. 21 ఏళ్లు నిండినవారు, తమకు అందుబాటులో ఉండే ఇంటి ఆదాయాన్ని దరఖాస్తులో చూపవచ్చు. ఇల్లు చూసుకునే భార్య భర్త జీతాన్ని రాయడం తప్పు కాదు. ఇంకా వెనక్కి వెళితే, 1974 నాటి సమాన రుణ అవకాశాల చట్టం ఆడవారికి, పెళ్లయినవారికి ఆ కారణంగా అప్పు నిరాకరించకూడదంది. అంతకుముందు ఆ దేశంలోనూ పెళ్లయిన ఆడవారిని భర్త సంతకం అడగడం మామూలే.

ఇక్కడి ఖాతాలు

విమానం ఎక్కేముందు ఇండియా ఖాతాల పని కూడా ఉంటుంది. విదేశీ మారక చట్టం (ఫెమా) ప్రకారం, ఎంతకాలమో తెలియకుండా విదేశంలో స్థిరపడేందుకు వెళ్లే మనిషి ప్రవాసి అవుతుంది. ఆమె జీతం సంపాదిస్తోందా లేదా అన్నది లెక్క కాదు. మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ (ప్రవాసి దేశంలోని రాబడి కోసం ఉంచుకునే ఖాతా)గా మార్పించాలి. ఫిక్స్‌డ్ డిపాజిట్లదీ అదే దారి. డాలర్లు పంపి దాచుకోవడానికి ఎన్ఆర్ఈ ఖాతా వేరే ఉంటుంది. దాని వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికా పన్ను నివాసి (పన్ను చట్టం దృష్టిలో అక్కడి నివాసి) అయ్యాక ప్రపంచంలో ఎక్కడి వడ్డీ అయినా అక్కడ ఆదాయమే. ఎన్ఆర్ఈ వడ్డీ ఇక్కడ మాఫీ, అక్కడ కాదు.

ఫోను నంబరు మరవకూడదు. ఓటీపీలన్నీ ఇండియా నంబరుకే వస్తాయి. పాత సిమ్‌ను వదిలేస్తే, మూడు నెలల్లో సొంత ఖాతా తలుపు తనకే మూసుకుంటుంది. అంతర్జాతీయ రోమింగ్ ఉన్న చిన్న ప్లాన్ కొనసాగించాలి, లేదా బ్యాంకులో విదేశీ నంబరు నమోదు చేయించాలి. అమెరికా నంబరుతో ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు యూపీఐ వాడుకునే వీలు కొన్ని బ్యాంకులు కల్పిస్తున్నాయి.

మన ఇళ్లలో నాన్న తన డిపాజిట్లలో కూతురి పేరు కలిపి పెట్టడం మామూలు. ‘ఇద్దరిలో ఎవరైనా’ అని రాయిస్తారు. కూతురు అమెరికాకు వెళ్లి పన్ను నివాసి అయ్యాక ఆ పేరుకు బరువు వస్తుంది. అమెరికా బయట ఉన్న ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ ఒక్క రోజైనా 10,000 డాలర్లు, అంటే సుమారు 9 లక్షల రూపాయలు దాటితే, ఆమె ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వెల్లడి పత్రం) వేయాలి. ఉమ్మడి ఖాతా అయితే అందులోని మొత్తం సొమ్ము ఆమె లెక్కలోకి వస్తుంది, తన వాటా మాత్రమే కాదు. ఆ డబ్బు నాన్నదే అయినా సరే. దీని మీద పన్ను ఏమీ లేదు, చెప్పడం మాత్రమే. గడువు ఏప్రిల్ 15, అడగకుండానే అక్టోబరు 15 దాకా పొడిగింపు ఉంటుంది. వేయకపోతే జరిమానా వేల డాలర్లలో ఉండవచ్చు. బయల్దేరేముందు నాన్నతో కూర్చుని ఏ ఖాతాలో తన పేరుందో ఒక కాగితం మీద రాసుకుంటే చాలు. అవసరం లేనిచోట పేరు తీయించి నామినీగా ఉంచవచ్చు.

డబ్బు వెంట తీసుకెళ్లడానికి పరిమితులు తెలిసినవే. విదేశీ నోట్లు 3,000 డాలర్ల దాకా, మిగతాది ఫారెక్స్ కార్డులోనో బదిలీగానో. 10,000 డాలర్లు దాటిన నగదుతో దిగితే అక్కడి కస్టమ్స్‌కు ముందే చెప్పాలి.

కొన్నేళ్లకు కుటుంబం తిరిగి వచ్చేస్తే అమెరికా ఖాతాను మూయాల్సిన పని లేదు, కానీ గాలికి వదలకూడదు. ఏళ్ల తరబడి లావాదేవీ లేని ఖాతాలోని సొమ్మును బ్యాంకు రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగిస్తుంది. చాలా రాష్ట్రాల్లో ఆ గడువు మూడు నుంచి ఐదేళ్లు. తర్వాత అడిగి తెచ్చుకోవచ్చు, పత్రాలు మళ్లీ మొదటి నుంచీ చూపించాలి. వరసగా మూడేళ్లు పన్ను రిటర్నులో వాడని ఐటిన్ గడువు తీరిపోతుంది. ఇండియాలో ఎన్ఆర్ఓను మళ్లీ మామూలు ఖాతాగా మార్పించాలి. డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలనుకుంటే తిరిగొచ్చినవారి కోసం ఆర్ఎఫ్‌సీ (నివాసి విదేశీ కరెన్సీ ఖాతా) ఉంది. దాన్ని ఆమె తన పేరుననే తెరవవచ్చు.